హాలు దాటని సిగ్నలు

పోయిన ధనుర్మాసంలో ఒకరోజు. పొద్దున్న ఆరవుతోంది, ఇంకా చీకటి విడలేదు. ముగ్గు వేద్దామని బకెట్టూ ముగ్గుడబ్బా పట్టుకుని బయటికొస్తే మేడమెట్ల మీద ఎవరో కూర్చుని కనిపించారు. గుండె ఝల్లుమంది. తీరా చూస్తే మా అత్తయ్య. నెత్తి మీంచి శాలువా కప్పుకుని, ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని, మూడో మెట్టు మీద. ఫోన్లో డల్లాస్‌లో ఉన్న మా ఆడపడుచు. ఆ నెలల్లో ఇక్కడ పొద్దున్న ఆరైతే అక్కడ ముందురోజు సాయంత్రం ఆరున్నర. ఆఫీసు నుంచి వచ్చి వంట మొదలుపెట్టేలోపు తనకి దొరికే టైమది.

"ఈ చలిలో ఇక్కడేంటత్తయ్యా, లోపల కూర్చోవచ్చుగా" అన్నాను.

"నా గదిలో బొమ్మ ఆగిపోతోందమ్మా. ఇక్కడైతే బానే వస్తోంది" అన్నారు.

"పోనీ హాల్లో కూర్చోండి. అక్కడ ఇంకా బాగా వస్తుంది కదా."

ఆవిడ ఏమీ అనలేదు. అవతల మా ఆడపడుచు గబగబా కళ్ళు తుడుచుకుని నన్ను చూసి నవ్వబోయింది. నేను చూడనట్టే వాకిట్లోకి నడిచాను. ఆరోజు ముగ్గులో చుక్కలు రెండుసార్లు తప్పాను.

హాల్లో ఎందుకు కూర్చోలేదో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆ టైముకి మావారు హాల్లో పేపరు చదువుతుంటారు. నేను కాఫీ పట్టుకుని అటూ ఇటూ తిరుగుతుంటాను. మా పాప పుస్తకాలు వెతుక్కుంటూ ఉంటుంది. ఏడుస్తున్న కూతురితో తల్లి మాట్లాడాల్సిన చోటు కాదది. డెబ్బై మూడేళ్ళ మనిషి కూతురి కష్టం వినడానికి చలిలో మెట్లెక్కి కూర్చున్నారు. ఎందుకంటే మా ఇంట్లో సిగ్నలు హాలు దాటదు.

మాది రాజమండ్రిలో మామయ్యగారు కట్టించిన పాత ఇల్లు. తొమ్మిదంగుళాల ఇటుక గోడలు. ముందు హాలు, దాన్నానుకుని మా గది, వెనకాల వంటిల్లు, దాని పక్కన అత్తయ్య గది. తర్వాత పిల్లల కోసం పైన రెండు గదులు వేశాం. 2020లో లాక్‌డౌన్ వచ్చి మావారు ఇంట్లోంచి పని చెయ్యాల్సి వచ్చినప్పుడు మీటింగు మధ్యలో రెండుసార్లు నెట్ తెగిపోయింది. అంతే, మూడోరోజుకల్లా ఫైబర్ కనెక్షన్ వచ్చేసింది. బిగించడానికి వచ్చిన కుర్రాడు "టీవీ ఎక్కడ మేడం?" అనడిగి, టీవీ పక్కన మేకులు కొట్టి, రూటర్ తగిలించి వెళ్ళిపోయాడు. నెట్‌కి మావారి పేరు పెట్టాడు. పాస్‌వర్డ్ మావారి ఫోన్ నంబరు.

టీవీకి నెట్ వచ్చింది. పక్కగదిలో మావారి లాప్‌టాప్‌కి వచ్చింది. హాలు కిటికీలోంచి మేడమెట్ల దాకా కూడా వచ్చింది. వంటింటికి రాలేదు. అత్తయ్య గదికి రాలేదు. ఆ మాట ఇంట్లో ఎవరికీ తెలియక కాదు. "వంటింట్లో నెట్ రాదు" అనేది మా ఇంట్లో "వంటింట్లో ఏసీ ఉండదు" అన్నంత మామూలు విషయమైపోయింది. ఉండదంతే. ఎందుకుండదని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

నేను ఇంతకీ చెప్పదలచుకున్నది ఇదే. ఏ ఇంటికైనా వెళ్ళి, సిగ్నలు ఏ గదిలో నిండుగా ఉందో, ఏ గదిలో తెగిపోతోందో చూడండి. ఆ ఇంట్లో ఎవరి పనిని పని అనుకుంటున్నారో, ఎవరి మాటని మాట అనుకుంటున్నారో తెలిసిపోతుంది. ఆయన మీటింగు రెండుసార్లు తెగితే మూడోరోజుకి వైరు వచ్చింది. అత్తయ్య మాట ఎన్ని వందలసార్లు తెగిందో ఎవరూ లెక్కపెట్టలేదు. మావారు చెడ్డమనిషేమీ కాదు. తల్లి అడిగితే ఆ రోజే చేయించేవారు. కానీ ఆవిడ అడగరు. ఆయన కనుక్కోరు. మధ్యలో ఉన్న నేను అటక మీద పాత రూటర్ పెట్టుకుని ఊరుకున్నాను.

"మొబైల్ డేటా ఉందిగా" అంటారేమో. ఉంది, రోజుకి ఇంతని. మధ్యాహ్నానికి మా పాప హాట్‌స్పాట్ అడిగి సగం తాగేస్తుంది. పైగా తొమ్మిదంగుళాల గోడలు మొబైల్ సిగ్నల్‌కి కూడా గోడలే. గ్యాస్ బుకింగూ, కరెంటు బిల్లూ, పాప కాలేజీ మెసేజీలూ, అత్తయ్య డాక్టరు అపాయింట్‌మెంటూ, ఇదిగో నా ఈ రాతలూ... ఇవన్నీ నేను వంటింట్లోంచే చూసుకోవాలి. కూర మాడకుండా చూసుకుంటూ, చేయి తుడుచుకుని హాల్లోకి పరిగెత్తి, మెసేజ్ వచ్చిందో లేదో చూసి మళ్ళీ పరిగెత్తుకు రావాలి. ఓటీపీ వచ్చేసరికి పేజీ పోతుంది, పేజీ వచ్చేసరికి పోపు మాడుతుంది.

ఆ రోజు ముగ్గు వేస్తుంటే నాకు వేరే రోజులు గుర్తొచ్చాయి. 1998లో నాకు పెళ్ళయింది. అప్పుడు ఈ హాల్లోనే, ఇప్పుడు రూటర్ ఉన్నచోటే, లాండ్‌లైన్ ఫోనుండేది. ఆదివారం ఆదివారం అమ్మ చేసేది. ఎదురుగా మామయ్యగారు పడకకుర్చీలో, పక్కన అత్తయ్య వత్తులు చేసుకుంటూ. అమ్మ "ఎలా ఉన్నావే?" అనేది. "బావున్నానమ్మా. అందరూ బావున్నారు" అనేదాన్ని. ఎంత బాధున్నా ఆ రెండు ముక్కలే. నా గొంతును బట్టి అమ్మ మిగతాది ఊహించుకునేది. ఎన్నేళ్ళు అలా ఊహించుకుందో. ఇప్పుడు అడుగుదామంటే అమ్మ లేదు.

ఆ రోజుల్లో నా మాటలు వినపడేంత దగ్గర్లో కూర్చున్న ఆవిడే ఇవాళ తన మాట ఎవరికీ వినపడకుండా మెట్ల మీద కూర్చున్నారు. "బాగా అయింది" అనిపించలేదా అంటే, నిజం చెప్తాను, ఒక్క క్షణం అనిపించింది. ఆ తర్వాత సిగ్గేసింది. నాకు దొరకనిది ఇంకో ఆడదానికి దొరక్కూడదనుకుంటే, ఇన్నేళ్ళ కాపురంలో నేను నేర్చుకున్నదేమిటి?

ఇక సిగ్నలు సంగతి.

ముందు నెట్ కంపెనీకి ఫోన్ చేశాను. వచ్చిన అబ్బాయి "సార్ లేరా మేడం?" అన్నాడు. సమస్య నాది, మాట్లాడేది నేను, సారెందుకు? "ఎక్స్‌టెండర్ కొనుక్కోండి, సరిపోద్ది" అని వెళ్ళిపోయాడు. కొన్నాం. గోడ ప్లగ్గులో గుచ్చే చిన్న పెట్టె. పెట్టగానే అత్తయ్య ఫోన్లో గీతలు నిండుగా వచ్చాయి. ఆనందంగా వీడియో కాల్ చేస్తే మళ్ళీ అదే బొమ్మ, నోరు తెరిచి ఆగిపోయిన బొమ్మ.

ఎందుకో అర్థం కావడానికి నాకు వారం పట్టింది. మీకు పెళ్ళి పంక్తితో చెప్తాను. పెద్ద పంక్తి. వంటశాల ఒక చివర. సాంబారు బకెట్టుతో ఒక వడ్డించేవాడు ఈ చివర తిరుగుతుంటాడు. ఆ చివరకి సాంబారు అందట్లేదని ఇంకొకణ్ణి పెట్టాం. కానీ వాడి బకెట్టుని వంటశాలలో నింపట్లేదు, మొదటివాడి బకెట్టులోంచి వంపుకుంటున్నాడు. వంపుకున్నంతసేపు వడ్డించలేడు, వడ్డిస్తున్నంతసేపు వంపుకోలేడు. పైగా వాడు నిలబడింది మొదటివాడి చెయ్యి సరిగ్గా అందని చోట. మామూలు ఎక్స్‌టెండర్ అదే. గాలిలోంచి విన్నదాన్నే మళ్ళీ గాలిలోకి చెప్తుంది. అందుకని వేగం దాదాపు సగానికి పడిపోతుంది. గీతలు నిండుగా ఉండేది మన ఫోనుకీ ఎక్స్‌టెండర్‌కీ మధ్య. ఎక్స్‌టెండర్‌కి అసలు రూటర్ నుంచి ఏమందుతోందో ఆ గీతలు చెప్పవు.

అత్తయ్య గది గోడకి ఆనించి ఇనప బీరువా ఉంది, దానికి నిలువుటద్దం. ఆ పక్కనే వంటింట్లో స్టీలు సామాన్ల స్టాండు, ఫ్రిజ్జు. ఇనుమూ అద్దమూ సిగ్నల్ని వెనక్కి కొట్టేస్తాయి. ఓవెన్ పనిచేసేది కూడా వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే కాబట్టి, అది తిరుగుతున్నంతసేపు ఆ దరిదాపుల్లో సిగ్నలు ఇంకా చెడుతుంది. అంటే వంటింటి దాటి గాలిలో సిగ్నలు తీసుకెళ్ళడం ఎలాగూ కష్టమే. రెండో వడ్డించేవాడి బకెట్టు కూడా వంటశాలలోనే నింపాలి. అంటే రూటర్ నుంచి ఆ గదిదాకా వైరు లాగి, ఆ చివర ఇంకో వైఫై పెట్టె పెట్టాలి. దాన్నే యాక్సెస్ పాయింట్ అంటారు. కొత్తది కొననక్కర్లేదు. ఫైబర్ రాకముందు వాడిన పాత రూటర్ పనికొస్తుంది. మాది అటక మీద బిస్కెట్ల డబ్బాలో, పాత ఛార్జర్ల మధ్య భద్రంగా ఉంది.

మా ఎలక్ట్రీషియన్‌ని పిలిచి క్యాట్-6 కేబుల్ లాగించాను. ఈ కేబుల్ వంద మీటర్ల దాకా ఇబ్బంది లేకుండా పనిచేస్తుంది, మనింటికి ఇరవై చాలు. బయట గోడ మీంచి వెళ్ళేచోట ఎండకీ వానకీ ఆగే నల్లరకం వేయించాలి. కిటికీ దగ్గర లోపలికి వచ్చేముందు కేబుల్ని కాస్త కిందకి వేలాడనిచ్చి, అప్పుడు పైకి తెచ్చి లోపలికి తోయాలి. లేకపోతే వాననీళ్ళు కేబుల్ పట్టుకుని గదిలోకొచ్చేస్తాయి. కరెంటు తీగలున్న పైపులోనే దీన్నీ దూర్చెయ్యనివ్వకండి. చివర ప్లగ్గు బిగించేటప్పుడు ఎనిమిది తీగలూ బిగించమని నిలబడి చెప్పండి. నాలుగు బిగించినా దీపం వెలుగుతుంది, కానీ వేగం 100 ఎంబీపీఎస్ దాటదు.

వైరొచ్చింది. పాత రూటర్ పెట్టాను. ప్లగ్గు గుచ్చాను. ఇల్లంతా నెట్ పోయింది.

పోయిందంటే వింతగా పోయింది. కొందరి ఫోన్లలో ఉంది, కొందరి ఫోన్లలో "కనెక్టయింది" అంటోంది కానీ ఏదీ తెరుచుకోదు. సరిగ్గా అప్పుడే మావారి మీటింగు. గదిలోంచి "ఏం చేశావోయ్?" అన్న కేక. వరంగల్ హాస్టల్లో ఉన్న మావాడికి ఫోన్ చేస్తే ముందు కాసేపు నవ్వి, తర్వాత అసలు విషయం చెప్పాడు. ప్రతి రూటరూ ఇంట్లో ఫోన్లన్నిటికీ నంబర్లు పంచుతుంది. దాన్ని డీహెచ్‌సీపీ అంటారు. ఒక ఇంట్లో ఆ పని ఒక్కరే చెయ్యాలి. నేను రెండో రూటర్ పెట్టేసరికి అది కూడా పంచడం మొదలుపెట్టింది. దాని దగ్గర నంబరు తీసుకున్న ఫోన్లకి "బయటికి దారి నేనే" అని చెప్తోంది. తీరా దాని వెనక దారే లేదు. పైగా రెండిటి చిరునామా ఒకటే, 192.168.1.1. ఒక వీధిలో రెండిళ్ళకి ఒకే డోర్ నంబరన్నమాట. పోస్టుమాన్ ఏ ఇంటికని వెళ్తాడు?

అత్తయ్యకి ఇదంతా చెప్తే ఆవిడ వత్తులు చేస్తూనే అన్నారు: "ఒక వంటింట్లో ఇద్దరు పెత్తనం చేస్తే అంతేనమ్మా. మనం పడలేదూ ఆ బాధ!"

ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. ఇన్నేళ్ళలో ఆ మాట ఆవిడ నోట వినడం అదే మొదలు.

తర్వాత కుదురుగా చేశాను. మీలో ఎవరైనా చేసుకుంటారని వరసగా చెప్తున్నాను. పాత రూటర్‌ని ముందు పెద్ద రూటర్‌కి కలపకుండా, విడిగా పెట్టుకుని దాని సెట్టింగుల్లోకి వెళ్ళాలి. పేజీ ఎలా తెరవాలో, మొదటి పాస్‌వర్డ్ ఏమిటో చాలావాటికి అడుగున చీటీ మీద ఉంటుంది. ముందు దాని చిరునామా మార్చాలి. పెద్దది 192.168.1.1 అయితే దీన్ని 192.168.1.2 చెయ్యొచ్చు. పెద్దది ఫోన్లకి పంచే నంబర్లలో ఆ 2 లేదని చూసుకోవాలి, అంతే. తర్వాత డీహెచ్‌సీపీ ఆపెయ్యాలి. ఆ తర్వాత వైఫై పేరూ, పాస్‌వర్డూ, పక్కనే ఉండే సెక్యూరిటీ రకమూ పెద్ద రూటర్‌లో ఎలా ఉన్నాయో అచ్చంగా అలాగే పెట్టాలి. ఒక్క అక్షరం చిన్నాపెద్దా తేడా వచ్చినా అది వేరే నెట్ అయిపోతుంది. చివరగా కేబుల్. పెద్దదాని లాన్ రంధ్రంలోంచి దీని లాన్ రంధ్రంలోకే పెట్టాలి. చాలా రూటర్లలో వేరే రంగులో విడిగా ఉండే వ్యాన్ రంధ్రం జోలికి వెళ్ళకూడదు. కొత్త రూటర్లు చాలావాటిలో "యాక్సెస్ పాయింట్ మోడ్" అని ఉంటుంది. అది నొక్కితే ఈ మార్పుల్లో చాలా భాగం అదే చేసేసుకుంటుంది.

పేరు ఒకటే అయినా ఛానల్ మాత్రం వేరుగా ఉండాలి. వినాయక చవితికి పక్కపక్క వీధుల పందిళ్ళలో రెండు మైకులు పెడితే ఏ పాటా వినపడదు కదా. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడనివి 1, 6, 11. హాలుకి 1, అత్తయ్య గదికి 6, పైన 11 పెట్టాను. 5 గిగాహెర్ట్జ్ ఇంకా వేగం, కానీ గోడలు దాటడంలో అది బలహీనం. వీడియో కాల్‌కి పాతదాని 2.4 సరిపోతుంది.

ఇదంతా అయ్యాక ఇంకో చిక్కు. అత్తయ్య ఫోను తన గదిలోకొచ్చాక కూడా పక్కనున్న కొత్త పెట్టెని వదిలేసి హాల్లో రూటర్నే పట్టుకుని వేలాడేది. ఏ పెట్టెని పట్టుకోవాలో నిర్ణయించుకునేది ఫోనేనట. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల పుట్టింటి మీద బెంగ పెట్టుకున్నట్టు, సిగ్నలు సన్నగిల్లినా పాతదాన్నే పట్టుకుని ఉంటుంది కొన్నాళ్ళు. హాల్లో రూటర్ సెట్టింగుల్లో పవర్ కాస్త తగ్గించాను. అప్పుడు హాలు దాటగానే అక్కడి సిగ్నలు బాగా సన్నబడి, ఫోను దగ్గరున్నదాన్ని పట్టుకోవడం మొదలుపెట్టింది. ఎక్కువ అరిస్తే బాగా వినిపిస్తుందనుకుంటాం గానీ, ఎవరి గదికి తగ్గట్టు వాళ్ళు మాట్లాడితేనే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది.

మేడమీదికి ఇంకో కేబుల్ లాగించి కొత్తది ఒకటి కొని పెట్టాను. శ్లాబులో ఇనప చువ్వలుంటాయి కాబట్టి కింది సిగ్నలు పైకి సరిగ్గా ఎక్కదు. అద్దె ఇంట్లో ఉండి గోడలు తొలవడానికి లేనివాళ్ళకి మెష్ అని సెట్లు దొరుకుతున్నాయి, రెండు మూడు పెట్టెలు వాటిలో అవే మాట్లాడుకుంటాయి. వాటినైనా సిగ్నలు పూర్తిగా పోయిన చోట కాకుండా, ఇంకా బాగున్న చోట మధ్యలో పెట్టాలి. తలుపు వారగా ఒక సన్న కేబుల్ వెయ్యగలిగితే అవి కూడా ఇంకా బాగా పనిచేస్తాయి. కరెంటు పోయినప్పుడు కూడా నెట్ కావాలంటే ప్రతి పెట్టె ప్లగ్గూ ఇన్వర్టర్ లైన్లో ఉండాలి. మొదట్లో అత్తయ్య గది ప్లగ్గు లేదు. కరెంటు పోయినా హాల్లో నెట్ ఉండేది, ఆవిడకి పోయేది. అదీ మార్పించాను.

అత్తయ్య గదికి కేబులూ, పట్టీ, కూలీ కలిపి 1,400 రూపాయలైంది. పనికిరాని ఎక్స్‌టెండర్‌కి అంతకంటే ఎక్కువే పోశాం.

నెట్ పేరూ మార్చేశాను. మామయ్యగారు గేటు మీద రాయించిన ఇంటి పేరే పెట్టాను. పాస్‌వర్డ్ ఫోన్ నంబరు కాదు, అది మాత్రం చెప్పను. మావారు "నా పేరు తీసేశావా?" అన్నారు. "ఇల్లు అందరిదీ కదండీ" అన్నాను.

అసలు అభ్యంతరం ఆయన తర్వాత చెప్పారు. అది కొట్టిపారెయ్యాల్సింది కాదు కాబట్టి మీకూ చెప్తున్నాను. "హాల్లో మాత్రమే సిగ్నలుంటే అందరూ హాల్లో కూర్చునేవాళ్ళం. ఇప్పుడు ఎవరి గదిలో వాళ్ళు తలుపులేసుకుంటారు. చూస్తూండు, ఈ ఇంట్లో మనుషులు కనపడరు" అన్నారు.

నిజమే, హాలు కాస్త ఖాళీ అయింది. మొదటి రెండు వారాలూ మా పాప భోజనానికి తప్ప కిందకి దిగలేదు. నాకూ భయం వేసింది. అప్పుడే నాకొక సంగతి తట్టింది. పాప ఎంతసేపు ఫోన్లో ఉండాలన్నది ఇన్నాళ్ళూ నేను పాపతో మాట్లాడలేదు. పైన సిగ్నలు రాదు కదా అని నిశ్చింతగా ఉన్నాను. గోడని అడ్డం పెట్టుకుని పిల్లని పెంచాను. ఇప్పుడు గోడ పోయింది, నోరు విప్పాల్సొచ్చింది. రాత్రి పదిన్నరకి పైనున్న వైఫై ఆగిపోయేలా టైము పెట్టాను, పాపకి చెప్పే పెట్టాను. రెండ్రోజులు మూతి ముడుచుకుంది. పరీక్షలప్పుడు పదకొండుకి పెంచమని బేరమాడింది. ఒప్పుకున్నాను. ఆ బేరమాడిన అరగంటా మేమిద్దరం మాట్లాడుకున్నాం కదా, అంతకుముందు నెలలో అంతసేపు మాట్లాడుకున్నది లేదు.

అందరం హాల్లో కూర్చున్న రోజుల్లో ఏం మాట్లాడుకున్నామో కూడా ఆలోచించాను. సిగ్నలు కోసం కూర్చున్నాం. ఎవరి ఫోన్లోకి వాళ్ళు చూసుకుంటూ కూర్చున్నాం. పెళ్ళయిన కొత్తలో నేను ఫోన్లో "బావున్నానమ్మా" అంటున్నప్పుడు కూడా ఆ హాలు నిండానే ఉండేది. నిండా మనుషులున్న ఆ హాల్లో నేనెంత ఒంటరిగా ఉన్నానో నాకు తెలుసు. వేరే చోటు లేక పక్కపక్కన కూర్చోవడాన్ని కలిసుండటం అనలేం. కలిసుండాలంటే మనిషికి ముందు ఒక తలుపుండాలి. వేసుకోవడానికీ, తీసుకుని బయటికి రావడానికీ.

అత్తయ్య గదిలో నెట్ పెట్టిన మర్నాడు పొద్దున్న ఆరుకి ఆవిడ తలుపేసుకున్నారు. నలభై నిమిషాలైంది, యాభై అయింది. కాఫీ గ్లాసు పట్టుకుని తలుపుదాకా వెళ్ళాను. లోపలినుంచి "ఏడవకే తల్లీ, చెప్పు, నేనిక్కడే ఉన్నాను" అన్న మాట ఒక్కటే వినపడింది. వెనక్కొచ్చి కాఫీ మళ్ళీ వేడి చేశాను. వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. అత్తయ్య చెప్పలేదు, నేనడగలేదు. చెప్పాలనుకున్నప్పుడు చెప్తారు. బయటికొచ్చాక ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ, గ్లాసు అందుకుంటూ నా చెయ్యి ఒక్క క్షణం పట్టుకున్నారు.

మా ఆడపడుచు ఇప్పుడు రోజూ చేస్తోంది. ఈమధ్య అప్పుడప్పుడూ నవ్వు కూడా వినపడుతోంది తలుపు వెనకనుంచి.

మీరూ ఇవాళ ఒక పని చెయ్యండి. ఫోన్లో ఒక వీడియో పెట్టుకుని ఇల్లంతా తిరగండి. బొమ్మ ఎక్కడెక్కడ ఆగిపోతోందో చూడండి. ఆ చోట ఎక్కువసేపు ఉండేది ఎవరో చూడండి. మీ అత్తగారో, మీ అమ్మో, మీ ఇంట్లో పనిచేసే మనిషో, మీరో. ఆ తర్వాత అటకెక్కి పాత రూటర్ దింపండి. "సార్ లేరా" అని అడిగేవాడు వస్తే, లేరని చెప్పి మీరే మాట్లాడండి.

ఇది వంటింట్లో కూర్చునే రాశాను, ఇక్కణ్ణించే పెడుతున్నాను. కుక్కరు రెండో కూత వేసింది. మూడోది వేసేలోపు మీ దగ్గరికి వచ్చేస్తుంది.